పార్శ్వగూనికి పిలాటీస్: మ్యాటా, రిఫార్మరా, ష్రోతా?

జాకెట్టు కొలతలు తీస్తున్న దర్జీ "ఒక భుజం కిందికుందమ్మా" అన్నప్పుడో, కుర్తా అంచు ఒక పక్క రెండు వేళ్లు పైకి లేచి కనిపించినప్పుడో చాలా ఇళ్లలో పార్శ్వగూని, అంటే వెన్నెముక పక్కకి వంగి ఉన్న సంగతి (స్కోలియోసిస్), బయటపడుతుంది. ఎముకల డాక్టరు నిలబెట్టి ఎక్స్‌రే తీయిస్తారు. రిపోర్టులో "కాబ్ యాంగిల్ 24 డిగ్రీలు" అని ఉంటుంది. "ఎక్సర్‌సైజులు చేయించండి" అని చెప్పి పంపిస్తారు. ఏ ఎక్సర్‌సైజులు అన్నది ఎవరూ చెప్పరు. వీధి చివర జిమ్‌లో మ్యాట్ పిలాటీస్ (చాప మీద చేసే వ్యాయామాలు) ఉంటుంది, మెయిన్ రోడ్డు మీద కొత్త స్టూడియోలో రిఫార్మర్ (పిలాటీస్ చేసే స్ప్రింగుల బల్ల) ఉంటుంది, ఫిజియోథెరపిస్టు ష్రోత్ (పార్శ్వగూనికే ఉన్న వ్యాయామ పద్ధతి) అంటారు, పిన్ని యోగా చాలంటుంది, పక్కింటావిడ ఈతకి పంపమంటుంది.

ఒక్క మాట మొదటే చెప్పేస్తే మిగతాదంతా తేలికవుతుంది. పిలాటీస్ వంగిన వెన్నెముకని తిన్నగా చెయ్యదు. వెన్ను చుట్టూ ఉన్న కండరాలకి ఓపిక పెంచుతుంది, నడుం నొప్పి తగ్గించవచ్చు, ఊపిరి బాగా తీసుకోవడం నేర్పుతుంది, కూర్చునే నిలబడే తీరు మీద ధ్యాస తెస్తుంది. పెద్దవాళ్లకి ఇవి చిన్న లాభాలేం కావు. ఎదుగుతున్న పిల్లలకి మాత్రం ఇవి చాలవు. అందుకే ఎంపిక యంత్రంతో మొదలవకూడదు. ఇంకా ఎంత ఎదుగుదల మిగిలి ఉంది, వంపు ఎన్ని డిగ్రీలు, ఎటువైపు అన్న మూడు తేలాకే మ్యాటా రిఫార్మరా అన్న ప్రశ్న.

రిపోర్టులో ఏం చూడాలి

కాబ్ కోణం అంటే వంపుకి పై కొసన అన్నిటికంటే ఎక్కువ వాలిన పూసకీ, కింది కొసన అలా వాలిన పూసకీ మధ్య కోణం. అమెరికన్ సర్జన్ జాన్ కాబ్ 1948లో చెప్పిన కొలత ఇది, ఇప్పటికీ ఇదే వాడుక. 10 డిగ్రీలూ ఆపైన ఉండి, పూసల్లో మెలిక కూడా ఉంటేనే పార్శ్వగూని అంటారు. 6, 7 డిగ్రీలకి కంగారు పడక్కర్లేదు.

ఈ కొలతకి ఒక లోపం ఉంది. అదే ఎక్స్‌రేని ఇద్దరు డాక్టర్లు కొలిస్తే 5 డిగ్రీల దాకా తేడా రావచ్చు. అంటే 22 కాస్తా 25 అయితే వంపు పెరిగిందని గట్టిగా అనలేం, 25 కాస్తా 21 అయితే తగ్గిందనీ అనలేం. "మా క్లాసుల్లో మూడు నెలల్లో 4 డిగ్రీలు తగ్గించాం" అని బోర్డు కనిపిస్తే ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. మార్పు 5, 6 డిగ్రీలు దాటాలి, అదీ ఒకే చోట, ఒకే రకంగా నిలబెట్టి తీసిన ఎక్స్‌రేల మధ్య పోల్చాలి.

తర్వాత చూడాల్సింది దిశ. "రైట్ థొరాసిక్" అంటే ఛాతీ భాగంలో వంపు కుడికి పొంగిందని, "లెఫ్ట్ లంబార్" అంటే నడుం భాగంలో ఎడమకి పొంగిందని. రెండూ ఉంటే ఎస్ ఆకారం. టీనేజీలో కారణం తెలియకుండా వచ్చే రకంలో కుడి ఛాతీ వంపే ఎక్కువ. ఛాతీ వంపు ఎడమకి ఉన్నా, వంపు గబగబా పెరుగుతున్నా, రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి ఉన్నా, కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రం మీద పట్టు తప్పడం లాంటివి ఉన్నా ఏ క్లాసులోనూ చేరకండి. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఎమ్మారై అవసరం కావచ్చు.

ఇంకోటి రిస్సర్ గ్రేడు. తుంటి ఎముక పైఅంచు ఎంత ముదిరిందో 0 నుంచి 5 దాకా చెబుతుంది. 0, 1, 2 అంటే ఎదుగుదల ఇంకా చాలా ఉంది. 4, 5 అంటే దాదాపు అయిపోయింది. ఆడపిల్లల్లో రజస్వలకి ముందు ఏడాది ఎత్తు వేగంగా పెరుగుతుంది, ఆ తర్వాత సుమారు రెండేళ్లకి నెమ్మదించి ఆగుతుంది. వంపు ఎగబాకేది కూడా ఆ వేగం ఉన్న కాలంలోనే.

చిన్న పరీక్ష ఒకటి ఇంట్లోనే చెయ్యొచ్చు. పాదాలు కలిపి, మోకాళ్లు తిన్నగా ఉంచి, రెండు అరచేతులూ జోడించి ముందుకి వంగమనండి. వంపు ఉంటే, వెనక నుంచి చూసినప్పుడు ఒక పక్క పక్కటెముకలు గుట్టలా లేస్తాయి. తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టి మళ్లీ వంగమనండి. కూర్చున్నప్పుడు గుట్ట మాయమైతే అసలు కారణం కాళ్ల పొడవులో తేడా కావచ్చు. అలాంటప్పుడు చెప్పులో మడమ కింద పెట్టే చిన్న మెత్త చేసేంత పని ఏ రిఫార్మరూ చెయ్యదు.

ఎవరికి ఏది

పదమూడేళ్ల అమ్మాయి, 28 డిగ్రీలు, రిస్సర్ 1 అనుకోండి. ఇక్కడ మొదటి మాట బ్రేస్‌ది, అంటే ఒంటికి బిగించి వంపు పెరగకుండా ఆపే గట్టి తొడుగుది. 25 నుంచి 40 డిగ్రీల మధ్య, ఎదుగుదల మిగిలి ఉన్న పిల్లలకి డాక్టర్లు చెప్పేది అదే. 2013లో వెలువడిన బ్రైస్ట్ అనే పెద్ద పరీక్షలో బ్రేస్ వేసుకున్నవారిలో 72 శాతం మంది, వేసుకోనివారిలో 48 శాతం మంది 50 డిగ్రీలకి చేరకుండానే ఎదుగుదల ముగించారు. రోజుకి దాదాపు 13 గంటలు, అంతకంటే ఎక్కువ వేసుకున్నవారిలో 90 శాతం పైమాటే. వ్యాయామాలకి ఇంత గట్టి రుజువు లేదు, పిలాటీస్‌కి అసలే లేదు. కాబట్టి "బ్రేస్ బదులు పిలాటీస్" అన్న బేరం ఒప్పుకోవద్దు. బ్రేస్‌తో పాటు అంటే బాగుంటుంది. ఎందుకంటే రోజంతా బ్రేస్ పట్టి ఉంచిన కండరాలు వాడకం లేక నీరసించవచ్చు.

ఇక్కడ హైదరాబాద్ తల్లిదండ్రులు మరిచిపోయే లెక్క ఒకటుంది. సాయంత్రం క్లాసు గంట. పోవడానికి నలభై ఐదు నిమిషాలు, రావడానికి మరో నలభై ఐదు. స్కూలు నుంచి రాగానే బ్రేస్ విప్పి, స్నానమైన తర్వాత తొడిగితే మొత్తం మూడు, నాలుగు గంటలు పోయినట్టే. కారులో, ఆటోలో బ్రేస్ వేసుకునే వెళ్లి, మ్యాట్ దగ్గర విప్పి, అయిపోగానే అక్కడే తొడగాలి. లోపల వేసుకునే పల్చటి కాటన్ బనీను ఒకటి అదనంగా సంచిలో పెట్టుకోండి. చెమట బనీను మీద బ్రేస్ తొడిగితే చర్మం ఒరుసుకుంటుంది.

అదే అమ్మాయికి 15 డిగ్రీలే ఉంటే, నాలుగు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరుకి చూపించుకుంటూ ఏ ఆట ఆడినా ఫరవాలేదు. పిలాటీస్ ఇష్టమైతే పిలాటీస్, కబడ్డీ ఇష్టమైతే కబడ్డీ. పుస్తకాల సంచి బరువు వల్లే వంపు వచ్చిందని పిల్లని తిట్టకండి. సంచితో నడుం నొప్పి వస్తుంది గానీ పార్శ్వగూని రాదు.

ముప్ఫై అయిదేళ్ల మనిషి, 26 డిగ్రీలు, రోజుకి తొమ్మిది గంటలు ల్యాప్‌టాప్ ముందు, సాయంత్రానికి నడుం ఒక పక్కే లాగుతుంది. పిలాటీస్ నిజంగా పనికొచ్చేది ఇలాంటి వాళ్లకే. 30 డిగ్రీల లోపు వంపులు ఎదుగుదల ఆగాక సాధారణంగా పెరగవు కాబట్టి డిగ్రీల గోల వదిలేసి నొప్పి, ఓపిక, కదలిక చూసుకోవచ్చు. 50 దాటిన వంపులు మాత్రం పెద్దయ్యాక కూడా ఏడాదికి ఇంచుమించు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోవచ్చు. వాళ్లు సర్జన్‌ని వదలకూడదు.

అరవై దాటినవాళ్ల సంగతి పూర్తిగా వేరు. డిస్కులు అరిగి, నడుం దగ్గర కొత్తగా వంపు వస్తుంది. దానికి తోడు ఎముకలు గుల్లబారి ఉంటాయి. క్లాసులో చేరేముందు ఎముకల గట్టితనం కొలిచే డెక్సా స్కాన్ చేయించండి. ఆ రిపోర్టులో టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే కిందగానీ ఉంటే ముందుకి ముడుచుకునే పిలాటీస్ కదలికలన్నీ పక్కన పెట్టాలి. రోల్ అప్, హండ్రెడ్‌లో తల భుజాలు ఎత్తడం, రోల్ ఓవర్, క్రిస్ క్రాస్ అన్నీ. 1984లో మేయో క్లినిక్ వైద్యులు ఎముకలు గుల్లబారిన స్త్రీలని గమనించినప్పుడు, ముందుకి వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి కొత్తగా పూసలు నొక్కుకుపోయాయి, వెనక్కి వంచేవి చేసినవారిలో 16 శాతానికే అలా అయింది. చిన్న గుంపు మీద చేసిన పరిశీలనే, కానీ తేడా చూడండి. ఇంకో చిక్కుంది. నడిస్తే కాళ్లు లాగి, కూర్చుంటే తగ్గేవారికి నరాల దారి ఇరుకై ఉండొచ్చు. వాళ్లకి వెనక్కి వంగడం పడదు. రెండూ ఉన్నవారికి ముందుకీ వద్దు, వెనక్కీ వద్దు. నడుముని నిటారుగా ఉంచి చేతులూ కాళ్లూ కదిపేవి మాత్రమే మిగులుతాయి. గ్రూప్ క్లాసులో ఆ ఏర్పాటు కుదరదు.

ఆపరేషన్ అయి రాడ్లు వేసినవారు సర్జన్ రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా ఆగాలి. అతుక్కున్న పూసలు ఇక కదలవు. "ఒక్కో పూసా విడదీస్తూ దిగండి" అనే పిలాటీస్ మాట వాళ్లకి వర్తించదు. ఆ ప్రయత్నం చేస్తే భారమంతా రాడ్ల పైన, కింద ఉన్న పూసల మీద పడుతుంది.

గ్రూప్ మ్యాట్, రిఫార్మర్, ష్రోత్

జోసెఫ్ పిలాటీస్ 1883లో జర్మనీలో పుట్టి, 1926లో న్యూయార్క్ చేరి అక్కడే స్టూడియో నడిపాడు. ఆయన పద్ధతి ఒంటి నడిమి గీతకి అటూ ఇటూ సమంగా నడుస్తుంది. కుడివైపు ఎనిమిది చేస్తే ఎడమవైపూ ఎనిమిది. మామూలు మనిషికి అది న్యాయమే. వెన్ను ఒక పక్కకి వంగిన మనిషికి మాత్రం ఆ సమానత్వమే మొదటి చిక్కు. ఒక పక్క సాగాలి, ఇంకో పక్క బిగవాలి. రెండు పక్కలా ఒకటే చేస్తే బలం పెరుగుతుంది, వంకర వంకరగానే ఉంటుంది.

కాథరీనా ష్రోత్ కూడా జర్మనీ ఆవిడే. తనకే పార్శ్వగూని ఉండేది. 1921లో మైసెన్‌లో ఆవిడ మొదలుపెట్టిన పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసినది. ముందు వంపు ఆకారం గుర్తిస్తారు, ఆ ఆకారానికి ఎదురు భంగిమ పెట్టిస్తారు, మూసుకుపోయిన పక్కటెముకల్లోకి మాత్రమే ఊపిరి నింపమంటారు. ఒక పక్క నొక్కిన బెలూన్‌ని లోపలి నుంచి గాలితో ఉబ్బించినట్టు. పిలాటీస్‌లో ఊపిరి రెండు పక్కలకీ సమంగా వెళ్లాలి, ష్రోత్‌లో అసమంగా వెళ్లాలి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మీ టీచరుకి ఏది తెలుసో పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఎదుగుతున్న పిల్లలకి, 20 డిగ్రీలు దాటిన వంపుకి ష్రోత్ గానీ అలాంటి ప్రత్యేక పద్ధతి గానీ ముందు వరసలో ఉండాలి, పిలాటీస్ రెండో వరసలో. ష్రోత్ విసుగు పుట్టిస్తుంది, అద్దం ముందు ఒకే భంగిమలో నిమిషాల తరబడి ఉండాలి, పిల్లలు నాలుగో వారానికే ఎగ్గొడతారు. పెద్దవాళ్లలో కూడా చాలామంది వదిలేస్తారు. మానేసిన ష్రోత్ కంటే వారానికి మూడుసార్లు క్రమం తప్పని పిలాటీస్ మేలు. ఇది మొహమాటపు మాట కాదు. పెద్దవాళ్ల నడుం నొప్పికి ఏ పద్ధతి అన్నదానికంటే ఎన్నాళ్లు విడవకుండా చేశారన్నదే ఎక్కువ పనిచేస్తుంది.

మ్యాట్ గ్రూప్ క్లాసు చవక, ఇంటికి దగ్గర. పదిహేను మందికి ఒక టీచరు. మీ పక్కటెముకల గుట్ట ఆవిడకి కనిపించదు, టీషర్టు కప్పేస్తుంది. మొదటి మెట్టుగా ఇది వద్దు. నాలుగు నుంచి ఆరు వ్యక్తిగత సెషన్లు అయ్యాక, ఏది వదిలెయ్యాలో ఏది మార్చుకోవాలో తెలిశాక చేరితే మంచి బేరమే.

రిఫార్మర్ అంటే స్ప్రింగులకి కట్టిన, ముందుకీ వెనక్కీ జరిగే బల్ల. పార్శ్వగూనికి దీని వల్ల నిజమైన లాభం ఒకటి ఉంది. పడుకుని కాళ్లతో నెట్టేటప్పుడు వెన్ను మీద శరీరం బరువు నిలువుగా పడదు, నడుం నొప్పి ఉన్నవాళ్లు కూడా భయం లేకుండా పని చెయ్యగలరు. ఒక్కో కాలితో విడిగా చేయించి ఏ పక్క ముందు అలుస్తుందో కూడా చూడొచ్చు. రెండు కాళ్లతో కలిపి నెడితే బలమైన కాలు బలహీనమైనదాని పని కూడా చేసేస్తుంది, బల్ల తిన్నగానే జరుగుతుంది, ఎవరికీ తెలియదు. భుజాలు ఆనే దిమ్మెలు ఇంకో చిక్కు. ఉబ్బిన వైపు భుజపు రెక్క ముందు తగిలి, ఇంకో పక్క వేలెడు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ పూడ్చాలని మనిషి తెలియకుండానే మెలి తిరుగుతాడు. మడిచిన చేతిగుడ్డ ఖాళీ వైపు దిమ్మెకి పెడితే సరిపోతుంది. స్ప్రింగుల రంగులు కంపెనీని బట్టి మారతాయి, ఒకచోట నేర్చుకున్న రంగు లెక్క ఇంకోచోట వాడొద్దు. తక్కువ స్ప్రింగు అంటే తేలిక అనుకోవడమూ తప్పే. బల్ల మీద ప్లాంక్‌లా చేసే వాటిలో స్ప్రింగు తగ్గేకొద్దీ పట్టు కష్టమవుతుంది.

గ్రూప్ రిఫార్మర్, అందులోనూ పాట వేగానికి చేయించేది, ఇందులో అన్నిటికంటే అధ్వాన్నమైన ఎంపిక. డబ్బూ ఎక్కువ, చూసే కళ్లూ తక్కువ. వేగంలో ప్రతి శరీరం తనకి అలవాటైన వంకరలోకే జారుతుంది.

పెద్దవాళ్లు ఎక్కువమందికి సరిపోయేది పిలాటీస్ కూడా నేర్చిన ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యక్తిగత సెషన్. వారానికి ఒకటి, ఇంట్లో మూడు, నాలుగుసార్లు ఇరవై నిమిషాలు. ఊళ్లో అలాంటివారు లేకపోతే రిఫార్మర్ స్టూడియో కంటే మామూలు ఫిజియోథెరపిస్టే నయం. యంత్రం లేకపోయినా వంపు చదవగలరు.

యోగా గురించి. 2014లో న్యూయార్క్ వైద్యుడు లోరెన్ ఫిష్మన్ 25 మందితో వసిష్ఠాసనం (పక్కకి తిరిగి ఒక చేతి మీద ఒంటిని ఎత్తి నిలపడం) ఒక పక్కే, పొంగిన వైపు కిందికి ఉంచి చేయించి వంపు తగ్గిందని ప్రచురించారు. పోల్చడానికి చెయ్యనివారి గుంపు లేదు కాబట్టి అంకెలు నమ్మలేం. ఆలోచన మాత్రం బాగుంది, పిలాటీస్ సైడ్ ప్లాంక్‌కి కూడా అదే వర్తిస్తుంది. ఈత ఊపిరికి, గుండెకి మంచిది, వంపుని సరిచెయ్యదు. యూట్యూబ్ వీడియోల్లో "పార్శ్వగూనికి 10 వ్యాయామాలు" అన్నది ఏ వైపు వంపో అడగకుండా మొదలైతే అక్కడే ఆపెయ్యండి.

ఏ కదలికలో ఏం తప్పుతుంది

కింద చెప్పేదంతా ఒకే ఒక్క కుడి ఛాతీ వంపుకి. ఎడమ వంపైతే, ముందు చెప్పినట్టు డాక్టరుకి చూపించాకే, కుడి ఎడమలు తిరగేసుకోండి. ఎస్ ఆకారం వంపుకి ఈ లెక్క కుదరదు. పైవంపుకి మంచిది కింది వంపుకి చెడు చేస్తుంది. వాళ్లకి ఫిజియోథెరపిస్టు కూర్చుని రాసివ్వాల్సిందే.

కుడికి పొంగిన వెన్నులో పూసలు కుడికి మెలి తిరిగి ఉంటాయి. కుడి పక్కటెముకలు వెనక్కి నెట్టుకొచ్చి ఉబ్బుతాయి, ఎడమవి వెనక భాగంలో మూసుకుని లోతు పడతాయి. ఇప్పుడు రోలింగ్ లైక్ ఎ బాల్ చెయ్యమన్నారనుకోండి. మోకాళ్లు పట్టుకుని బంతిలా వెనక్కి దొర్లాలి. గుట్ట నేలకి తగలగానే మనిషి తిన్నగా దొర్లడు, ఎడమ పక్కకి ఒరిగిపోతాడు. టీచరు "మధ్యలో ఉండండి" అంటుంది. మధ్యలో ఉండాలంటే మెడ బిగించాలి. సాయంత్రానికి మెడ నొప్పి, పక్కటెముక మీద ఎర్రటి మచ్చ. ఈ కదలిక వదిలేస్తే పోయేదేం లేదు.

స్వాన్, అంటే బోర్లా పడుకుని ఛాతీ ఎత్తడం. వెనక్కి వంగితే గూని తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. పార్శ్వగూనిలో ఛాతీ భాగం వెనక నుంచి చూస్తే ఉబ్బినట్టున్నా, పక్క నుంచి చూస్తే తరచూ చదునుగా ఉంటుంది. ఉబ్బింది పక్కటెముకలే, వెన్ను కాదు. చదునైన వెన్నుని ఇంకా వెనక్కి వంచితే భుజపు రెక్కల మధ్య బిగుసుకుంటుంది. ఛాతీ నాలుగైదు వేళ్లు మాత్రమే ఎత్తి, తల మాడు ముందుకి సాగదీసి, ఐదు లెక్కపెట్టి దించడం చాలు.

స్పైన్ ట్విస్ట్, సా లాంటివి రెండు పక్కలా తిప్పుతాయి. కుడికి తిరిగితే కుడి పక్కటెముకలు ఇంకా వెనక్కి పోతాయి, ఉన్న మెలికే పెరుగుతుంది. ఎడమకి తిరిగితే మెలిక విడుస్తుంది. కాబట్టి ఎడమకి ఎనిమిదిసార్లు నెమ్మదిగా, కుడికి మధ్య గీత దాకా మాత్రమే. మెర్మెయిడ్‌లో పక్కకి వంగడం కూడా అంతే. కుడికి వంగితే ఎడమ పక్క తెరుచుకుంటుంది, ఎడమకి వంగితే మూసుకున్నది ఇంకా మూసుకుంటుంది. కానీ ఇక్కడ ఒంటి దొంగతనం ఒకటి ఉంది. బిగుసుకున్న ఛాతీ వంగదు, దాని కింద సులువుగా కదిలే నడుం వంగుతుంది, చూసేవారికి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ముందు కూర్చున్న చోటే పైకి సాగి, తర్వాత ఒక్క జానెడే వంగాలి.

వెల్లకిలా పడుకున్నప్పుడు గుట్ట ఒక్కటే నేలకి ఆనుతుంది, ఎడమ పక్క తేలుతుంది. చాలామంది టీచర్లు ఎడమ ఖాళీ కింద తువ్వాలు పెడతారు. హాయిగా ఉంటుంది, కానీ మెలిక ఉన్నదున్నట్టే ఉండిపోతుంది. కుడి గుట్ట కింద వేలు మందం మడత పెడితే ఆ పక్కటెముకలు ముందుకి జరిగి మెలిక కాస్త విడుస్తుంది. మందం ఎక్కువైతే మనిషి నొప్పికి దూరంగా జరుగుతాడు, ఉపయోగం పోతుంది.

ఇంట్లో మొదట నేర్చుకోవాల్సింది పక్కకి పడుకుని ఊపిరి తీయడం. యంత్రం అక్కర్లేదు. దుప్పటి పరిచి కుడివైపు తిరిగి పడుకోండి. తల కింద మెడ తిన్నగా ఉండేంత దిండు. స్నానం తువ్వాలు చుట్టి మూడు, నాలుగు సెంటీమీటర్ల మందం చేసి, కుడి పక్కటెముకలు బాగా పొంగిన చోట, ఇంచుమించు జాకెట్టు కింది అంచు ఎత్తులో పెట్టండి. మోకాళ్లు కొంచెం మడవండి. ఎడమ చెయ్యి తల మీదుగా చాచండి. ఇంకొకరు ఎడమ వెనక పక్కటెముకల మీద అరచెయ్యి తేలిగ్గా ఆనించాలి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ ఆ చేతిలోకి ఊపిరి తీయండి. నోటితో ఆరు లెక్కపెడుతూ వదలండి, వదిలేటప్పుడు మాడు, మడమలు రెండు వైపులా లాగినట్టు పొడుగు సాగండి. ఐదు ఊపిరులు, అర నిమిషం ఆగి మళ్లీ ఐదు, అలా మూడు విడతలు.

తువ్వాలు నడుం ఒంపులోకి జారితే పని చెడుతుంది. జారకుండా చివర టీషర్టుకి పిన్నీసు పెట్టండి. చెయ్యి పెట్టిన చోట కాకుండా పొట్ట లేస్తుంటే ఊపిరి లోతు తగ్గించండి, ఎక్కువ గాలి కంటే సరైన చోట గాలి ముఖ్యం. ఎడమ భుజం చెవి దాకా లేస్తే చెయ్యి కిందికి దించి దిండు మీద పెట్టండి. తల తిరిగితే ఊపిరి మరీ వేగంగా తీస్తున్నారని అర్థం, లేచి కూర్చోండి.

వారం తర్వాత సైడ్ ప్లాంక్ కలపండి. కుడి మోచెయ్యి భుజం కింద, మోకాళ్లు మడిచి నేల మీదే, తుంటి ఎత్తి పది సెకన్లు. ఐదుసార్లు. కుడివైపు మాత్రమే. తుంటి వెనక్కి పోయి కూర్చున్నట్టు అవుతుంటే గోడకి వీపు ఆనించి చెయ్యండి. భుజం నొప్పి ఉన్నవాళ్లు దీన్ని వదిలి గోడకి పక్కగా నిలబడి మోచెయ్యి ఆనించి చెయ్యొచ్చు, సగం బరువే పడుతుంది.

డబ్బు కట్టేముందు

ట్రయల్ క్లాసుకి ఎక్స్‌రే పట్టుకెళ్లండి, వాట్సాప్ ఫొటో అయినా సరే. టీచరు దాన్ని చూడకుండా "అందరికీ ఒకటే, కోర్ బలపడితే అంతా సెట్ అవుతుంది" అంటే బయటికి వచ్చేయండి. చూసి, "పొంగింది ఏ వైపు, ఏ పూస దగ్గర, నొప్పి ఎప్పుడు వస్తుంది, మంచం మీద ఏ పక్క పడుకుంటారు" అని అడిగితే ఉండండి. వీపు కనిపించేలా వెనక తెరిచిన టాప్ వేసుకోమని అడగడం మంచి గుర్తే, సిగ్గుపడాల్సింది కాదు. ఆడపిల్లలకి తల్లి గదిలో ఉండాలి. "ఎన్ని నెలల్లో తిన్నగా అవుతుంది" అని మీరే ఎర వేసి చూడండి. అంకె చెప్పినవారి దగ్గర ఏడాది ప్యాకేజీ కొనొద్దు.

పదిహేను రోజులకి మించిన ప్యాకేజీ మొదట తీసుకోకండి. ఆ పదిహేను రోజుల్లో కండరాలు నొప్పి పుట్టి రెండు రోజుల్లో తగ్గితే మామూలే. కాల్లోకి దిగే నొప్పి, కొత్త తిమ్మిరి, ఊపిరి పీలిస్తే పక్కటెముకల్లో గుచ్చినట్టుంటే ఆపి డాక్టరుకి చూపించండి.

పని చేస్తోందో లేదో తెలియాలంటే మొదటి రోజే కొలతలు రాసి పెట్టుకోండి. గోడ ముందు, ఒకే చోట ఫోను నిలబెట్టి వీపు ఫొటో ఒకటి, ముందుకి వంగినప్పుడు ఇంకోటి. ఎంతసేపు కూర్చుంటే నొప్పి మొదలవుతుందో నిమిషాల్లో. సైడ్ ప్లాంక్ రెండు పక్కలా ఎన్ని సెకన్లు ఆగగలరో. పన్నెండు వారాల తర్వాత ఇవే మళ్లీ కొలవండి. నలభై నిమిషాలకి మొదలయ్యే నొప్పి గంటన్నరకి జరిగితే, ఫొటోలో తేడా లేకపోయినా, కట్టిన ఫీజుకి పని జరిగినట్టే. నిమిషాలూ సెకన్లూ ఏవీ కదలకపోతే టీచర్ని మార్చండి, లేదా పద్ధతిని. పిల్లల విషయంలో మాత్రం ఈ కొలతలేవీ ఎక్స్‌రేకి బదులు కావు. డాక్టరు రాసిన తేదీకి తీయించాల్సిందే, క్లాసులు ఎంత బాగా సాగుతున్నా సరే.